ఆకాశమును ఆలకించిన బడి

గత ఆగష్టు మాసమున జరిగిన తలిదండ్రుల సమావేశములో ఆరవ తరగతి బాలిక తండ్రిగారొకరు లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. "హెడ్‌మాస్టరుగారూ, బస్టాండు పక్కనుండే ఇంగ్లీషు బడిలో రోబోటిక్సు నేర్పుతుండారంట. మన తెలుగు బడిలో ఏముందండీ?" ఆయన ఎగతాళికి అడుగలేదు. కుమార్తెను వచ్చు ఏడు ఇచ్చటనే ఉంచవలెనా, అచ్చటికి మార్పవలెనా యను తర్కము ఆయన ముఖమున స్పష్టముగా కనబడుచుండెను. మేము లేచి మన పదవ తరగతి ఉత్తీర్ణుల సంఖ్యను చెప్పి కూర్చుంటిమి. అది ఆయన అడిగినదానికి సమాధానము కాదని ఆయనకు తెలియును, మాకును తెలియును. ఆ బాకీని ఈ వార్షిక సంచికలో తీర్చుకొనదలచితిమి.

ఆ రోబోటిక్సు తరగతులు చెడ్డవని మేము అనజాలము. నేలమీద గీసిన నల్లగీతను పట్టుకొని పోవు చిన్న బండిని బిడ్డ తన చేతులతో బిగించుట ముచ్చటైన పనియే. మేమును ఒకమారు పోయి చూచి వచ్చితిమి. పెట్టెలో సామానంతయు లెక్కపెట్టి ఉంచబడినది. ఏ మర ఎచ్చట బిగింపవలెనో పుస్తకములో బొమ్మతో సహా కలదు. గంట ముగియులోపల పిల్లలందరును బండ్లు చేసిరి. అన్ని బండ్లును ఒకే తీరున నడచినవి. చప్పట్లు కొట్టిరి, మేమును కొట్టితిమి. కాని తిరిగి వచ్చునప్పుడు ఒక కొరత మనస్సున మెదలుచుండెను. అడుగువారికిని చెప్పువారికిని సమాధానము ముందే తెలిసియున్న ప్రశ్నవంటిది ఆ బండి. ఎవరికిని తెలియని సంగతి యొకటి పిల్లల చేతిలో బయటపడుట అందులో లేదు. అట్టిది బడిలో జరుగునా యని మీరు అడుగవచ్చును. ఒక బడిలో జరిగినది. ఆ కథ చెప్పుటకే ఈ వ్యాసము.

ఇంగ్లండు నడిభాగమున నార్తాంప్టన్‌షైర్ జిల్లాలో కెటరింగ్ అను పట్టణము కలదు. బూట్ల తయారీకి పేరుపడిన ఊరు. అచ్చటి గ్రామర్ స్కూలులో జెఫ్రీ పెర్రీ అను నాయన భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా నుండెను. రసాయనశాస్త్రము బోధించు డెరిక్ స్లేటర్ అను సహోద్యోగికి రేడియో పిచ్చి యుండెను. పిచ్చి యను మాటను మేము గౌరవముతోనే వాడుచున్నాము. ప్రభుత్వ పరీక్ష నిచ్చి, అనుమతిపత్రము పొంది, జీతము కొఱకు గాక వేడుక కొఱకే రేడియో కట్టి, దూరదేశములవారితో మాటలాడు ఈ ఔత్సాహికులను లోకమంతటను 'హాములు' అందురు. మన దేశమునను వేలమంది కలరు. మనవారి పిలుపుగుర్తులు 'వి.యు.' అను అక్షరములతో మొదలగును.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ దేశము స్పుత్నిక్–1 అను తొలి కృత్రిమోపగ్రహమును పైకి పంపినది. 83.6 కిలోల లోహపు గోళము. దానికి నాలుగు పొడవైన ఏరియళ్లు. అది 20, 40 మెగాహెర్ట్జుల సమీపమున 'బీప్, బీప్' మని కూయుచు భూమిని చుట్టినది. సామాన్యమైన గ్రాహకయంత్రము గలవాడెవడైనను ఆ కూతను వినగలిగెను. రాజ్యాధినేతలు విన్నదే బూట్ల ఊరిలోని హామును విన్నాడు. పెర్రీ, స్లేటరుగార్లు ఈ ఆకాశధ్వనులను పాఠములోనికి తెచ్చిరి. భౌతికశాస్త్రములో డాప్లర్ ఫలితము అని ఒక పాఠము కలదు. దానిని చూపుటకు ఇంతకంటె మంచి సాధనము లేదని వారు గ్రహించిరి.

డాప్లర్ ఫలితమన నేమో మన ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. గూడూరు వైపునుండి చెన్నైకి ఆగకుండ పోవు ఎక్స్‌ప్రెస్ బండి మన రైల్వేగేటు దాటుటను మీరందరును విన్నవారే. బండి మనవైపు వచ్చునంతసేపు కూత సన్నగా, హెచ్చు స్వరమున వినవచ్చును. మనను దాటిన మరుక్షణమే అదే కూత బొంగురుగా దిగిపోవును. కూత మారలేదు. వచ్చునప్పుడు ధ్వనితరంగములు మనవైపు ఒత్తుకొని వచ్చును, పోవునప్పుడు సాగి వచ్చును. భేదమంతయు అందులోనే కలదు. రేడియో తరంగములకును ఇదే నియమము. ఉపగ్రహము సెకనునకు 7 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవునది. 20 మెగాహెర్ట్జుల కూత అది వచ్చునప్పుడు సుమారు 500 హెర్ట్జులు హెచ్చుగను, పోవునప్పుడు అంతయు తగ్గుగను చేరును. గ్రాహకములో ఇది ఈలపాట క్రమముగా దిగినట్లు వినబడును.

ఆ దిగుటలోనే సమాచారమంతయు దాగియున్నది. ఉపగ్రహము మన నెత్తిమీదుగా దగ్గరగా పోయినచో స్వరము చటుక్కున పడును. దూరమున ప్రక్కగా పోయినచో మెల్లమెల్లగా జారును. స్వరము మిక్కిలి వేగముగా పడిన క్షణమే అది మనకు మిక్కిలి సమీపించిన క్షణము. గడియారము చూచి ఆ క్షణమును వ్రాసికొనినచో ఒక అంకె మన చేతిలో నున్నట్లే. సుమారు గంటన్నరకు అది మరల వచ్చును, మరియొక అంకె. ఈ రెండు అంకెల నడిమి కాలమే ప్రదక్షిణ కాలము. ఆ గంటన్నరలో భూమి తన చుట్టు తాను 22½ డిగ్రీలు తిరిగియుండును గనుక, ఉపగ్రహపు దారి పటముమీద ప్రతి ప్రదక్షిణమునకు అంతమేర పడమటికి జరుగును. తిరుగుచున్న కుమ్మరిసారె మీది కుండకు కుంచె నానించి పైకి, క్రిందికి ఆడించి చూడుడు. గీత పడినచోటనే మరల పడదు, ప్రక్కప్రక్కకు జరుగుచు పోవును. ఇంతకు మించిన గణితము ఆరంభమున అక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగలరు.

కెటరింగులో చేసినది ఇదియే. కొంచెము కాలము కాదు, ఏండ్ల తరబడి. ఒక గ్రాహకము, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము, ఒక ప్రపంచపటము. సోవియట్‌వారు ఆ కాలమున పెక్కు ఉపగ్రహములను 'కాస్మోస్' అను ఒకే పేరుతో, వరుస సంఖ్యలు మాత్రము వేసి పంపుచుండిరి. అవి ఎందులకో చెప్పెడివారు కారు. వానిలో కొన్ని ఎనిమిది దినములు తిరిగి భూమికి దిగివచ్చుచుండుటను పెర్రీగారు, ఆయన విద్యార్థులు కనిపెట్టిరి. ఫిల్ముతో చిత్రములు తీసి, ఆ ఫిల్మును దింపుకొను గూఢచారి ఉపగ్రహములవి.

1966 మార్చి 17వ తేదీన కాస్మోస్–112 పైకి పోయినది. దాని దారి పెర్రీగారికి వింతగా కనబడినది. అంతవరకు ఇట్టి ఉపగ్రహములన్నియు కజకిస్తానులోని బైకనూరునుండి పోవునని లోకము నమ్మియుండెను. ఇది భూమధ్యరేఖకు 72 డిగ్రీల వాలున పోవుచుండెను. బైకనూరునుండి వచ్చిన దారికి ఆ కాలములు సరిపడుట లేదు. సరిపడని లెక్కను మనమైనచో ఏమి చేయుదుము? ఎక్కడో తప్పు వ్రాసియుందుమని కొట్టివేయుదుము. ఆయన కొట్టివేయలేదు, ఎదురుచూచిరి. అక్టోబరు 14వ తేదీన కాస్మోస్–129 సుమారు 65 డిగ్రీల వాలున పోయినది. రాకెట్టు ఎచ్చటినుండి లేచునో ఉపగ్రహపు మొదటి ప్రదక్షిణపు దారి అచ్చటినుండియే ఆరంభము కావలెను గదా. రెండు వేర్వేరు వాలుల దారులను పటముమీద వెనుకకు గీచికొని పోయిరి. ఆ గీతలు ఒకచోట కూడినవి. అది బైకనూరు కాదు. రష్యా ఉత్తరభాగమున, ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతమున, ప్లెసెత్స్క్ అను చోటు. సోవియట్ దేశము లోకమునకు చెప్పని ఒక రాకెట్టు స్థావరము అచ్చట కలదని, 1966 సంవత్సరాంతమున, ఒక బడిపంతులు ప్రకటించెను.

అమెరికా గూఢచారి శాఖవారికి ఆ స్థావరము సంగతి ముందే తెలియును, కాని వారును బయటపెట్టలేదు. ఇరు మహారాజ్యములును దాచిన సంగతిని పెన్సిలుతో గీసిన రెండు గీతలు బట్టబయలు చేసినవి. ఆ స్థావరము కలదని సోవియట్ ప్రభుత్వము బహిరంగముగా నొప్పుకొన్నది 1983లో. అప్పటికి పదునేడు సంవత్సరములు గడచినవి. ఆనాడు గడియారము చూచిన బాలురు నడివయస్సు పెద్దమనుష్యులైరి. పెర్రీగారిని 1973లో బ్రిటిషు ప్రభుత్వము బిరుదుతో సత్కరించినది. ఆయన కీర్తికంటె మాకు ఆ నోటుపుస్తకముమీదనే అసూయ యని చెప్పుటకు సిగ్గుపడము. మా బడిలో వాతావరణపు పట్టిక యొకటి మూడేండ్ల క్రిందట గోడకు తగిలించితిమి. అందు ఆషాఢము దాటి ఒక్క అంకెయు వ్రాయబడలేదు.

ఇంతవరకు వినుట సంగతి. వినుటతో తృప్తిపడక, తామే ఒక ఉపగ్రహమును చేసి పంపిన హాములును కలరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు తమ ఇండ్ల కారుకొట్టములలోను, నేలమాళిగలలోను కూర్చుండి 4.5 కిలోల పెట్టె నొకటి తయారుచేసిరి. పేరు ఆస్కార్–1. పెద్ద రాకెట్టులో బరువు సరితూచుటకు వట్టి దిమ్మలను పెట్టుచుందురు. ఆ దిమ్మ బదులు మా పెట్టెను పెట్టుడని వారు అడిగిరి, సైన్యమువారు ఒప్పుకొనిరి. 1961 డిసెంబరు 12వ తేదీన అది వాండెన్‌బర్గ్ స్థావరమునుండి డిస్కవరర్–36 అను ఉపగ్రహముతో గూడ ఎగిరినది. పైన తల్లిరాకెట్టునుండి దీనిని నెట్టివేయుటకు అమర్చిన స్ప్రింగు, బజారులో ఒక డాలరు పదునైదు సెంట్లకు కొన్నది. దీని శక్తి ఒక వాటులో ఏడవవంతు. చేతిదీపపు చిన్న బల్బుపాటి కాదు. అది పంపిన సందేశము 'హెచ్.ఐ.' అను రెండు అక్షరములు మాత్రమే. మోర్సు భాషలో నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. ఇంగ్లీషున పలుకరింపు, తంతివారి వాడుకలో నవ్వునకును అదే గుర్తు. పెట్టెలోపల వేడి మారినకొలది చుక్కల వేగము మారునట్లు ఏర్పరచిరి. చుక్కలను లెక్కించినవాడు భూమిమీద కూర్చుండియే ఆకాశములోని పెట్టెకు జ్వరము చూచినవాడగును. 28 దేశములలో 570కి పైగా ఔత్సాహికులు విని, లెక్కించి, వివరములు వ్రాసి పంపిరి. మూడు వారములలో దాని బ్యాటరీలు అడుగంటినవి. 1962 జనవరి 31వ తేదీన వాయుమండలమున పడి దగ్ధమైనది. దానితోడి ప్రయాణికుడైన డిస్కవరర్ కూడ చిత్రములు తీయు గూఢచారియే యని తరువాత లోకమునకు తెలిసినది. గూఢచారి భుజమెక్కి ఒక నవ్వు ఆకాశమునకు పోయినట్లయినది.

ఇక్కడ మా స్వంత సంగతి యొకటి చెప్పకతప్పదు. అందు మాకు కీర్తి లేదు.

శ్రీహరికోట మనకు ఉత్తరమున, పులికాట్ సరస్సునకు ఆవల నున్నది. రాకెట్టు లేచిన ప్రతిసారియు మన ఊరివారు మేడలెక్కి చూచుట అలవాటు. 2005 మే 5వ తేదీన అచ్చటినుండి పి.ఎస్.ఎల్.వి.–సి6 ఎగిరినది. కార్టోశాట్–1 అను పెద్ద ఉపగ్రహముతో పాటు హామ్‌శాట్ అను 42.5 కిలోల చిన్న ఉపగ్రహమును అది మోసినది. ప్రపంచమందలి హాములు ఉచితముగా వాడుకొనుటకు ఇస్రో సంస్థ మన దేశపు హాములతో గూడి చేసిన ఉపగ్రహమది. అందులోని రెండు ప్రసారయంత్రములలో ఒకటి మనవారు చేసినది, రెండవది హాలెండు దేశపు ఇంజనీరింగు విద్యార్థి యొకడు చేసినది. ఒక విద్యార్థి చేతిపని మన నెత్తిమీదుగా లేచిపోయినదని ఆనాడు మేడమీద నిలుచున్న మాకు తెలియదు. మాకు తెలియని ఆ సంగతి మా తొమ్మిదవ తరగతి బాలునికి తెలిసియుండెను.

ఆ ఏడు జూలైలో ఒక ఉదయము ప్రార్థన ముగియకముందే ఒక వడ్రంగి మేస్త్రి మా గదికి వచ్చెను. చేతిలో ఉక్కు కొలతటేపు, సగము కోసియున్నది. "సార్, మావాడు నా టేపు కోసేసినాడు సార్. కూలికి పొయ్యే వస్తువు అది. ఎందుకురా అంటే, మీదపోయే హామ్‌శాట్టు మాట వినాలంట!" అని చెప్పి, కోపముతోనో దుఃఖముతోనో మాట ఆగి నిలుచుండెను. బాలుని పిలిపించితిమి. వాడు రెండు టేపు ముక్కలను ఒక చెక్కకు బిగించి, నడుమ తీగ కట్టి, సంచిలో పెట్టుకొని బడికి తెచ్చియుండెను. బజారులో రేడియోలు బాగుచేయు ఒకాయన, చెన్నైనుండి తెచ్చిన గ్రాహకమునకు దీనిని తగిలించి విననిత్తునని మాట యిచ్చెనట. మేము వానిని ఒక్క ప్రశ్నయు అడుగలేదు. తండ్రి కష్టమెరుగని కొడుకని మందలించి, ఆ వస్తువును లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. తండ్రి నమస్కరించి పోయెను. బాలుడు ఏమియు ననలేదు. పదవ తరగతి ముగించి వెళ్లువరకు వాడు మరల మా గది గుమ్మము త్రొక్కలేదు.

నిరుడు వేసవిలో సున్నము వేయించుటకు బీరువాను జరుపగా ఆ చెక్క బయటపడినది. అప్పటికి మేము ఈ కెటరింగు కథను, ఆస్కారుల చరిత్రను కొంత చదివియుంటిమి. ఊరకే స్కేలు తీసి ఆ ముక్కలను కొలిచితిమి. ఒకటి 51 సెంటీమీటర్లు, ఒకటి దానికి కొంచెము తక్కువ. హామ్‌శాట్ భూమికి పంపునది 145.9 మెగాహెర్ట్జుల ప్రాంతపు తరంగము. వెలుగు సెకనునకు పోవు 3 లక్షల కిలోమీటర్లను దానితో భాగించినచో తరంగదైర్ఘ్యము సుమారు రెండు మీటర్లు. అందులో సగము ఒక మీటరు. దానిని నడుమ విరిచినచో ఒక్కొక్క భాగము 51 సెంటీమీటర్లు. ఏరియల్ కావలసిన నిడివి అదియే. పదునాలుగేండ్ల బాలుడు లెక్క వేసి, తప్పులేకుండ కోసినాడు. అన్ని సంవత్సరములు మేము తాళము వేసి ఉంచినది ఒక సరియైన లెక్కను.

మరియు ఆ టేపు సంగతి. 1970 జనవరి 23వ తేదీన పైకి పోయిన ఆస్కార్–5 అను ఉపగ్రహమును చేసినవారు ఆస్ట్రేలియాలో మెల్బోర్ను విశ్వవిద్యాలయపు విద్యార్థులు. రాకెట్టులో మడిచిపెట్టి, పైన విడువగానే తనంత తాను విచ్చుకొను ఏరియల్ వారికి కావలసివచ్చినది. వారు వాడినది ఉక్కు కొలతటేపు. మడిచిన మడుగును, విడిచిన నిలుచును, అంగడిలో దొరకును. నేటికిని హాములు చేతి ఏరియళ్లకు దానినే కోయుచుందురు. మా వడ్రంగిగారి కుమారుడు ఇది ఎచ్చట తెలిసికొన్నాడో అడుగుటకు మాకు అవకాశము దొరకలేదు. శ్రీపెరంబుదూరు వైపు ఒక కర్మాగారమున పనిచేయుచున్నాడని విన్నాము. కబురు పంపితిమి, సెలవు దొరికినప్పుడు వత్తునని చెప్పినాడట. హామ్‌శాట్ మాత్రము ఇక లేదు. రెండేండ్లు పనిచేయునని తలచి పంపిన ఆ ఉపగ్రహము తొమ్మిదేండ్లకు పైగా పనిచేసి, బ్యాటరీ చెడి, 2014 జూలైలో మూగవోయినది. వాడు విననెంచినది వాడు వినకుండగనే పోయినది.

మూగవోయినవన్నియు మూగవిగనే ఉండవు. 1974 నవంబరు 15వ తేదీన పంపిన ఆస్కార్–7, 1981లో బ్యాటరీలు చెడి నోరు మూసుకొన్నది. అందరును దానిని మరచిరి. 2002 జూన్ 21వ తేదీన ఇంగ్లండులో ఒక ఔత్సాహికుడు వినుచుండగా ఏదో పాత మోర్సు కూత వినబడినది, చూడగా ఆస్కార్–7. లోపల కలిసిపోయిన బ్యాటరీ మార్గము కాలక్రమమున తనంత తానే విడిపోయి, సూర్యఫలకములనుండి విద్యుత్తు తిన్నగా యంత్రమునకు పారసాగినది. ఎండలో నున్నంతసేపు మాటలాడును, భూమి నీడలోనికి పోగానే నిద్రించును. 2024లో దానికి యాభై ఏండ్లు నిండినవి, అప్పటికిని పలుకుచునే యున్నది.

ఇంకొక వింత. 2006 ఫిబ్రవరి 3వ తేదీన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునుండి, కాలము చెల్లిన ఒక రష్యను వ్యోమగామి దుస్తులోపల పాతబట్టలు కుక్కి, ఒక హామ్ రేడియో పెట్టి, చేతులతో ఆకాశములోనికి త్రోసివేసిరి. మన మెట్టచేనిలోని దిష్టిబొమ్మ యనుకొనుడు. కాని భూమిని చుట్టు దిష్టిబొమ్మ. పలుభాషలలో పిల్లల గొంతులు దానిలో ముద్రించి పంపిరి. అనుకొన్నంత బిగ్గరగా పలుకలేదు, సన్నని ధ్వనిగా మాత్రము రెండు వారముల పాటు కొందరికి వినబడినది. ఈ సంగతి ప్రార్థనాసమావేశమున చెప్పగా మన పిల్లలు నవ్విన నవ్వు, ఇతర విషయములపై మా ఉపన్యాసములకు ఎన్నడును లభింపలేదు.

ఇదంతయు వేడుకయే గదా, దీనివలన ప్రయోజనమేమి యని కొందరు తలిదండ్రులు తప్పక అడుగుదురు. అడుగవలసినదే. 2004 డిసెంబరులో కొందరు భారతీయ హాములు అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిరునకు పోయియుండిరి. పని ఏమియు లేదు. ఆ దీవులనుండి ప్రపంచపు హాములతో మాటలాడు వేడుకకే పోయిరి. డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినది. టెలిఫోన్లు తెగినవి. వేడుకకు కొనిపోయిన యంత్రములే దీవుల వార్తను, బ్రతికియున్నవారి పేర్లను ప్రధానభూమికి అందజేసినవి. ఆ బృందమునకు నాయకురాలు శ్రీమతి భారతీ ప్రసాద్. 1999 అక్టోబరులో ఒడిషాను పెనుతుఫాను ముంచినప్పుడు హైదరాబాదునుండి హాములు పోయి ఇదే సేవ చేసిరి. సముద్రపు ఒడ్డున నివసించు మనకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల తలిదండ్రులకు వేరొక మాట. 75 పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు భాగములు కూర్చిన ఆజాదీశాట్ అను చిన్న ఉపగ్రహము 2022 ఆగష్టు 7వ తేదీన శ్రీహరికోటనుండియే పోయినది. రాకెట్టు దానిని కావలసిన కక్ష్యలో ఉంచజాలకపోయినది, ఉపగ్రహము నష్టమైనది. బాలికల చేత మరల చేయించిరి. 2023 ఫిబ్రవరి 10వ తేదీన ఆజాదీశాట్–2 కక్ష్య చేరినది. దానిని చేయించిన సంస్థ చెన్నైలోనిదే. ఆరవ తరగతి బాలిక తండ్రిగారు ఈ వాక్యమును దయతో రెండుమార్లు చదువ ప్రార్థన.

ఇక మా ఉద్దేశమును విన్నవించెదము. వచ్చు జూన్ మాసమునుండి ప్రతి శనివారము సాయంకాలము బడి మేడమీద ఆకాశశ్రవణము ఏర్పాటు చేయదలచితిమి. మొదట అంతరిక్ష కేంద్రమును విందుము. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకొకసారి భూమిని చుట్టుచున్నది. మన మీదుగా వచ్చినప్పుడు పది నిమిషములకు మించి దొరకదు. ప్రతి శనివారము పలుకునని మాట యీయలేము. ఒక్కొక్కప్పుడు అది చిత్రములను ధ్వనిరూపమున పంపును. ఆ ధ్వనిని చేతిఫోనునకు వినిపించినచో ఫోను దానిని గీతగీతగా బొమ్మగా మార్చును. ఒక్కొక్కప్పుడు వ్యోమగాములు పాఠశాలల పిల్లలతో మాటలాడుదురు. 2025 జూలైలో శుభాంశు శుక్లాగారు బెంగుళూరులోని విద్యార్థులతో అట్లు మాటలాడిరి. మనము చేయునది వినుట మాత్రమే. ప్రసారము చేయగోరు పిల్లలు పరీక్షకు చదివి అనుమతిపత్రము పొందవలెను. ఆ చదువునకు మేము సహాయపడుదుము.

పిల్లలు తమ నోటుపుస్తకమును తెలుగుననే వ్రాయుదురు. తేదీ, వేళ, స్వరము పడిన క్షణము, ఆకాశము మబ్బా తేటా. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, యంత్రముమీద ఇంగ్లీషు. మన పిల్లలకు మూడును అలవాటే. లెక్క తప్పినచో కొట్టివేయక ప్రక్కన వ్రాసి యుంచవలెనని మాత్రము మొదటి దినముననే చెప్పెదము.

సమ్మతిపత్రములు ఈ సంచికతో పాటు పంపబడినవి. రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలను ఇంటికి చేర్చు బాధ్యత ఉపాధ్యాయులది. గ్రాహకమునకు కావలసిన కొన్ని వేల రూపాయలు సంఘమువారు ఇచ్చుటకు అంగీకరించిరి. ఏరియళ్లకు టేపులు కావలెను. పాడైపోయిన ఉక్కు కొలతటేపులు ఇంటనున్నవారు పంపగలరు. పనికి వాడుచున్న దానిని పిల్లవాడు తెచ్చినచో కోయనీయక తిప్పి పంపెదము.